యాభై నాలుగు రేకుల చదువు

మా ఊళ్ళో ఒకటో తరగతి చెప్పే భావనారాయణ మాస్టారు మిరపకల్లంలోకి రావడం నేను ఒక్కసారే చూశాను. అది ఆయన నసీమున్నీసాతో పోట్లాటకు వచ్చిన రోజు.

మేం పదిహేను మంది ఆడవాళ్ళం ఎర్రటి కుప్ప చుట్టూ కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాం. ఎర్రకాయ ఒక పక్కకు, తెల్లబారిన కాయ ఒక పక్కకు. నసీమున్నీసా గోనెపట్టా నీడలో మా పిల్లలతో కూర్చుని ఉంది. మాస్టారు చెప్పులతో తిన్నగా ఆరబోసిన కాయల అంచుదాకా వచ్చేశాడు.

"ఏమమ్మా నసీమున్నీసా! నువ్వు పిల్లలకు చదువు చెబుతున్నావా, రోగం అంటిస్తున్నావా?"

"ముందు చెప్పులు గట్టు మీద వదిలి మాట్లాడండి మాస్టారూ. ఆ కాయలే రేపు మీ ఇంట్లో కారమయ్యేది" అంది నసీమున్నీసా.

ఆయన వెనక్కి వెళ్ళి చెప్పులు విడిచి వచ్చాడు. నా లెక్కలో పోట్లాట అక్కడే సగం అయిపోయింది. మగవాళ్ళకు అది తెలియడానికి టైము పడుతుంది.

"నీ దగ్గర నుంచి వచ్చిన ఆరుగురూ పలకలు ముందు పెట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. 'అ' రాయరా అంటే 'చుక్కలేవి మాస్టారూ' అంటున్నారు. చుక్కలు పెట్టడానికి నేనేమన్నా సంక్రాంతి ముగ్గేస్తున్నానా? చుక్కలుంటేనే కదిలే వేలు ఒక వేలా? అదొక చదువా?"

నసీమున్నీసా పల్చటి గుడ్డలో కట్టిన ముగ్గుపిండి మూట తీసి, నేల మీద టపటపా ఏడెనిమిది చోట్ల తట్టింది. కోడికి గింజలు చల్లినట్టు, ఎక్కడ పడితే అక్కడ.

"ఇదేం అక్షరం మాస్టారూ?"

మాస్టారు గొంతుక్కూర్చున్నాడు. తల ఇటు వంచాడు, అటు వంచాడు. చూపుడువేలు నేలకానించి మొదటి చుక్క నుంచి రెండో చుక్కకు లాగాడు. అక్కడి నుంచి మూడో చుక్కకు. "ఇది 'జ'... కాదు, 'ఋ'లాగా ఉంది... ఉండు, ఈ చుక్క ఎందుకు మిగిలిపోయింది?" అని మళ్ళీ మొదటికొచ్చాడు. మేమందరం కాయలు ఏరడం ఆపేశాం.

"అది ఏ అక్షరమూ కాదండీ, ఊరికే తట్టాను" అంది నసీమున్నీసా. "చుక్కలు కనబడితే మీ వేలే ఆగలేదు, అయిదేళ్ళోళ్ళ వేలు ఆగుద్దా? వేలు కదిలించేదాకా నా పని. చుక్కల్లేకుండా కదిలించటం మీ పని. ఆ కాస్త కూడా నన్నే చేయమంటే, రేపటి నుంచి బెత్తం నాకిచ్చి మీరొచ్చి ఈ కాయలేరండి."

పదిహేను మందిమీ ఒక్కసారి నవ్వాం. ఏం చెయ్యాలో తోచక మాస్టారు అదే వేలితో కన్ను తుడుచుకున్నాడు. మిరపకల్లం నేల మీద తిప్పిన వేలు! కుండెడు నీళ్ళు నేనే పోశాను.

నేను రెండో తరగతి దాకా చదివాను. ఆపింది నేనే, పంతులు కాదు. అందుకని ఎవరిది చదువో ఎవరిది కాదో నేను చెప్పగలను. నసీమున్నీసాది చదువే. అయితే అది బళ్ళోంచి రాలేదు, కిరసనాయిలు డబ్బాల్లోంచి వచ్చింది.

ఆమె భర్త ఉస్మాన్ గుంటూరులో పత్తి బేళ్ళ మీద గుర్తులు వేసే పని చేసేవాడు. అక్షరాలు కత్తిరించిన రేకు బేలు మీద పెట్టి నల్లరంగు అద్దితే షావుకారు పేరు పడుతుంది. కూతురు కరీమున్‌కు అక్షరాలు నేర్పాలని అతనికి బుద్ధి పుట్టింది. పాత కిరసనాయిలు డబ్బాలు విప్పి, అరచేయంత ముక్కలు చేశాడు. రేకులో అక్షరం కత్తిరించే పనిముట్లన్నీ గుంటూరులోనే ఉండిపోయాయి, ఇంట్లో ఉన్నది ఒక మేకూ సుత్తీ. వాటితో రేకుకు బెజ్జాలు కొట్టాడు. బెజ్జాల వరస చూస్తే అక్షరం. రేకు నేల మీద పెట్టి పైన ముగ్గుపిండి మూట తట్టి తీసేస్తే, నేల మీద తెల్లగా చుక్కలు. పిల్ల వేలు పెట్టి చుక్కా చుక్కా కలుపుకుంటూ పోతే 'అ' అయి కూర్చునేది. చెరిపేసి మళ్ళీ తట్టుకోవచ్చు. పలకా అక్కర్లేదు, బలపమూ అక్కర్లేదు.

రోజుకు ఒక రేకు చొప్పున యాభై నాలుగు చేశాడు. ఇంకా రెండు మిగిలాయనగా విషజ్వరం వచ్చి పోయాడు. కరీమున్ పెళ్ళై చీరాల వెళ్ళిపోయింది. నసీమున్నీసా యాభై నాలుగు రేకులూ ఇనప తీగకు గుచ్చి నడుముకు కట్టుకుని మాతో కాయలేరడానికి వచ్చేది. నడిస్తే గలగలమనేది. ఆమె వస్తున్నదని మాకు మలుపు అవతలే తెలిసేది, కుక్కలకు ఇంకా ముందే తెలిసేది.

కల్లంలో పిల్లల సంగతి ఆ పని చేసినవాళ్ళకే తెలుసు. ఇంట్లో చూసేవాళ్ళు లేక తల్లులు వెంట తెచ్చుకుంటారు. వాళ్ళు కాయలు పట్టుకుంటారు, కళ్ళు నలుపుకుంటారు, ఏడుస్తారు. తల్లి పోయి తుడవాలంటే తల్లి చేతులకూ కారమే. పిల్లలను కుప్పకు దూరంగా కూర్చోబెట్టడానికే నసీమున్నీసా ఈ రేకులు మొదట తీసింది, చదువు చెబుదామని కాదు. చదువు దానంతటదే వచ్చింది.

కానీ గాలి తిరిగితే గోనెపట్టా నీడ ఏం ఆపుతుంది? ఘాటు అక్కడికీ వచ్చేది. రెండేళ్ళ పిల్లకు ఒకసారి దగ్గొచ్చి ముఖం నల్లబడిపోయింది. ఆ పిల్లకు ఊపిరి తిరిగేసరికి నసీమున్నీసా మొహంలో నవ్వు పోయింది. "గోడలున్న గది ఒకటి కావాలే రాజ్యం, గోడలుండాలి" అని నాతో అంది. అప్పటి నుంచి ఆమెకు వేరే మాట లేదు.

గది ఉన్నది పానకాలు గారికి. కల్లమూ ఆయనదే, ఊరి ప్రెసిడెంటూ ఆయనే. ఆయన పత్తికొట్టు ఏడాదిలో ఏడు నెలలు ఖాళీ. నసీమున్నీసా వెళ్ళి అడిగితే, "కొట్టు పిల్లలకిస్తే పత్తి ఎక్కడ పడుకుంటది?" అన్నాడు.

"పత్తి ఏడవదు గదండీ" అంది ఆమె. ఆయన నవ్వాడు, కొట్టు మాత్రం ఇవ్వలేదు.

అరవై ఒకటిలో పంచాయతీ సమితి వాళ్ళు ఊళ్ళలో బడి ఈడు రాని పిల్లలకు బాలవాడీలు పెడతారని తెలిసింది. పంచాయతీ గది ఇస్తే పిల్లలకు ఆటవస్తువులూ పాలపొడీ వాళ్ళిస్తారు. చూసి పోవడానికి సమితి నుంచి ఒక అమ్మగారు శుక్రవారం వస్తుందని కబురు. పానకాలు గారు రచ్చబండ దగ్గర తేల్చి చెప్పేశాడు. "ఊళ్ళో ఆడోళ్ళకి చదువంటే యావ ఉందని ఆవిడకి కనబడాలంట. ఆవిడ సరేనంటే కొట్టిస్తా. లేదంటే బాలవాడీ పక్కూరికి పోద్ది, కొట్టు నాకే ఉంటది."

శుక్రవారం పొద్దున్న నసీమున్నీసా యాభై నాలుగు రేకులూ తీగ నుంచి విప్పి చింతపండు పెట్టి తోముతూ కూర్చుంది. అమ్మగారి ముందు తళతళలాడాలట. ఆ తోమడంలో పిల్లలను ఒక పూట వదిలేసింది. అదే ఆమె చేసిన పొరపాటు.

శుక్రవారం కదా, మా వీధిలో ప్రతి ఇంటి గడపకూ పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. రెండు వరసల్లో, ఎర్రగా, ఎడంగా. పదకొండు మంది పిల్లలు చేతిలో బొగ్గుముక్కలతో వీధిన పడ్డారు. వాళ్ళ ముందు పానకాలు గారి మనవరాలు, తాత వెంట కల్లానికొచ్చి రేకుల దగ్గరే కూర్చునే నాలుగున్నరేళ్ళ మల్లేశ్వరి. చుక్క కనబడితే కలపాలి, వాళ్ళు నేర్చుకున్న ధర్మం అది. మన అక్షరాలు గుండ్రటివి కావడం ఇంకో సౌకర్యం. నాలుగు బొట్ల మీద 'గ' వచ్చేస్తుంది, ఇంకో రెండు దొరికితే 'ర' అయిపోతుంది. అరగంటలో ఇరవై రెండు గడపలు రాసేశారు. నా గడప మీద 'ఠ' రాశారు. ఒంపు బాగానే కుదిరింది, కాదనను.

మొదటి కేక పానకాలు గారి భార్య సుబ్బరావమ్మ ఇంట్లోంచి వచ్చింది.

"ఎవరే నా గడపకి మసి పూసింది? చెయ్యి విరిచేస్తా!"

"నేనే నానమ్మా" అంది మల్లేశ్వరి. "నువ్వేమో చుక్కలు పెట్టి ఊరికే వదిలేశావు గదా!"

సుబ్బరావమ్మ వెనక వీధంతా కదిలి నసీమున్నీసా ఇంటి మీదకు వచ్చింది. నేనూ వెళ్ళాను. చూడకుండా ఎలా ఉంటాను?

"లక్ష్మి వచ్చే గడప! శుక్రవారం పూట నలుపు చేయించావు. ఇంకా కొట్టు కావాలా నీకు? మా ఆయన చెవిన పడనీ, కొట్టూ లేదు, కల్లంలో కూలీ లేదు!"

నసీమున్నీసా చింతపండు చేతులతో అలాగే లేచి నిలబడి, "నేనొచ్చి గడపలన్నీ కడుగుతానమ్మా" అంది.

"కడుగుద్దంట! పూజ చేసిన గడపని రేపు తెల్లారేదాకా నీళ్ళతో ముడతారా? ఉన్న లక్ష్మిని కూడా కడిగి పంపిస్తావా?"

అదీ చిక్కు. శుక్రవారం బొట్టు పెట్టిన గడప ఆ రోజు కడగకూడదు. రోత పుట్టినా, కోపమొచ్చినా, ఇరవై రెండు గడపలూ అలాగే ఉండాలి. ఉన్నాయి. మధ్యాహ్నం జీపు వచ్చేసరికి కూడా ఉన్నాయి.

సమితి అమ్మగారు సన్నగా, కళ్ళజోడుతో ఉంది. జీపు దిగి వీధిలో నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మొదటి గడప చూసింది. రెండోది చూసింది. మూడో గడప దగ్గర కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. వెనక నడుస్తున్న పానకాలు గారికి ముచ్చెమటలు పోశాయి.

ఆవిడ సుబ్బరావమ్మ గడప ముందు నిలబడి అడిగింది. "ఇంటికో అక్షరమా! ఇది మీరే రాశారా అమ్మా?"

సుబ్బరావమ్మ పరువుగల మనిషి. తన గడపను తన మనవరాలే పాడు చేసిందని పట్నం మనిషి ముందు చెప్పుకుంటుందా? కొంగు సర్దుకుంది.

"ఆఁ, నేనేనండి. ప్రతి శుక్కురారం ఒకటి రాస్తంటాను."

"ఎంత మంచి ఆలోచన! ఇది ఏ అక్షరం?"

సుబ్బరావమ్మకు వేలిముద్ర తప్ప ఏమీ రాదు. ఆమె గడప వంక చూసింది, ఆకాశం వంక చూసింది. మోకాళ్ళ దగ్గర నుంచి మల్లేశ్వరి చీర లాగింది. "గ, నానమ్మా, గ!"

"గ అండీ" అంది సుబ్బరావమ్మ. "గడప గదండీ, అందుకని గ పెట్టా."

అమ్మగారు చప్పట్లు కొట్టింది! పానకాలు గారి ఛాతీ అక్కడికక్కడే రెండంగుళాలు పెరిగింది. "మా పంచాయతీలో అనుకుని చేయిస్తన్నామండీ" అన్నాడు. నాకు నోరు దురదపెట్టింది. అయితే గది సంగతి తేలేదాకా ఆగుదామని పళ్ళు బిగించుకున్నాను. సాయంత్రానికి తేలిపోయింది. అమ్మగారు బాలవాడీ మా ఊరికే రాసింది. అంత చెప్పుకున్నాక వెనక్కి తగ్గలేక, పానకాలు గారు కొట్టు తాళం ఇచ్చేశాడు.

ఇక అందులో పంతులమ్మ ఎవరు? మేమందరం నసీమున్నీసాను ముందుకు తోశాం. అమ్మగారు కాగితం తీసి అడిగింది. "మీరు ఎంతదాకా చదివారు?"

"యాభై నాలుగు దాకా అమ్మా."

"యాభై నాలుగా? తరగతి అడుగుతున్నాను."

"నాది తరగతులు కాదమ్మా, రేకులు. ఇంకో రెండు చేసేలోపల మా ఆయన పోయాడు."

అమ్మగారు రేకులు చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. మెచ్చుకుంది కూడా. కానీ కాగితంలో ఎనిమిదో తరగతి అని ఉందట. కాగితానికి కళ్ళుంటాయా? నెల తిరిగేసరికి చీరాల నుంచి వెంకటేశ్వరమ్మ అని పద్దెనిమిదేళ్ళ పిల్ల దిగింది. రెండు జడలు, ఒక ట్రంకు పెట్టె. మిరపకాయల బండి వీధిలో పోతే చాలు, ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చేది. పిల్లలను గుండ్రంగా నిలబెట్టి పాటలు పాడించేది. నసీమున్నీసా తెచ్చిచ్చిన రేకులు చూసి, "ఇవి తుప్పు, పిల్లలకు గుచ్చుకుంటాయి" అని అటక మీద పెట్టించింది.

తుప్పట! చింతపండు పెట్టి తోమిన రేకులు! నేను ఆ మాట విన్న క్షణం నుంచి ఆ పిల్లను ఏమనాలో వరసగా పేర్చుకున్నాను. మర్నాడు పొద్దున్నే వెళ్దామనుకున్నాను. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, నేనే చెప్పాను.

సాయంత్రం నసీమున్నీసా వచ్చింది. నడుముకు రేకులు లేవు కదా, చప్పుడు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడేసరికి ఉలిక్కిపడ్డాను.

"రేపు ఆ పిల్ల దగ్గరికి పోతున్నావంట" అంది.

"పోతున్నా. నాలుగు మాటలు అడగాలి."

"నీ నాలుగు మాటలు నాకు తెలియవంటే? రెండో మాటకే ఆ పిల్ల ట్రంకు పెట్టె సర్దుకుని చీరాల బస్సెక్కుద్ది. పంతులమ్మ లేకపోతే పానకాలు గారు కొట్టు నిండా పత్తి పోసుకుంటారు. పిల్లలు మళ్ళా ఎక్కడికొస్తారు?"

"మరి నీ రేకులు?"

"రేకులు అటక మీదుంటే ఉండనీ. పిల్లలు గోడల మధ్య ఉన్నారు గదా. ఇయాళ గాలి కల్లం మీద నుంచే కొట్టింది, ఒక్కళ్ళన్నా దగ్గారా?"

పేర్చుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి.

నసీమున్నీసా వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి కారం ఉందో లేదో అని నేను చూసుకున్నాను కూడా.

"ఆ పిల్లకి వంట రాదంట, రెండు రోజులుగా మరమరాలు తిని పడుకుంటంది. రేపు పోవటం మానకు, పో. అన్నం కూర పట్టుకెళ్ళు, కారం తగ్గించి వండు. దగ్గర కూర్చుని తినిపించు. ఈ ఏడు కాయలేరటం అయ్యేదాకా ఆ పిల్లని ఒక్క మాట అనకు రాజ్యం."