రాయనిది చదివి వినిపించాను

అనంతపురంలో ఒక సర్కారు ఆఫీసు గేటు బయట బల్ల వేసుకుని ఇరవై ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. ఎవరొచ్చినా, ఏం అడిగినా నా అర్జీలో ఒక మాట తప్పనిసరి: తమరు దయతలచి. ఆ మాట లేనిదే ఏ అధికారీ కాగితం ముట్టడని నా నమ్మకం. ఆ నమ్మకం చివరికి ఒకరి కొంప ముంచింది.

ఆమె ఒక సోమవారం పొద్దున వచ్చింది. కళ్యాణదుర్గం పక్క పల్లె. మగపిల్లాడన్నారు పుట్టినప్పుడు, కాదని ఆమె చెప్పినాక ఇంట్లోంచి తరిమేశారు. పదిహేనేళ్ళకే బెంగళూరు రైలెక్కింది. మా వైపు నుంచి బెంగళూరు పోయినవాళ్ళు సెల్‌ఫోనో, నాలుగు బట్టలో తెచ్చుకుంటారు. ఈమె మాట తెచ్చుకుంది. అక్కడ తనలాంటివాళ్ళు మీటింగులు పెట్టడం, జెండాలు పట్టుకుని నడిబజారులో నడవడం, పోలీస్ స్టేషన్లో కుర్చీ లాక్కుని కూర్చుని చట్టం మాట్లాడడం చూసి నేర్చుకుంది. మా ఊళ్ళో అంతవరకు ఆమెలాంటివాళ్ళంటే అంగడి తెరిచేటప్పుడు దీవించి, ఇచ్చింది తీసుకుని పోయేవాళ్ళే. నిజం చెప్పాలంటే ఆమె ధాటి నాకు నచ్చలేదు.

ఇంటిపట్టాలు ఆడవాళ్ళ పేరు మీద ఇస్తున్న రోజులవి. తన గుర్తింపు కార్డులో స్త్రీ అనే ఉంది కాబట్టి జాబితాలో పేరు చేర్చాలని రాయమంది.

"దయ గియ అని రాయద్దన్నా. చట్టం ఉండాది. హక్కు అని రాయి."

సరేనన్నాను. హక్కు అంటే అధికారులకు ఒళ్ళు మండుతుంది, ఈమెకేం తెలుసులే అనుకున్నాను. దిక్కులేనిదాన్ని, లోకం వెలివేసిన అభాగ్యురాలిని, తమరు దయతలచి ఏదైనా ఆసరా చూపండి అని రాశాను. ఆమెకు బెంగళూరులో నేర్చుకున్న కన్నడం చదవడం, రాయడం వచ్చు, తెలుగు చదవడం రాదు. చదివి వినిపించమంది. కాగితం మీద చూపు పెట్టి, ఆమె చెప్పిందంతా చెప్పినట్టే చదివాను. పైగా మేలు చేస్తున్నాననుకున్నాను, సిగ్గులేకుండా. ఆమె నవ్వుతూ సంతకం పెట్టింది.

లోపల అధికారి దాన్ని అందరి ముందూ పైకి చదివాడట. ఆయన మంచివాడే. ఆసరా అని ఉంది కాబట్టి ఏదో ఆశ్రమానికి చీటీ రాసిచ్చాడు. జాబితాకు ఆ రోజే ఆఖరు.

చీటీ పట్టుకుని తిరిగొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నేను చెప్పింది రాయలేదు, పోనీ. రాసినట్టు చదివి ఇనిపిస్తివే, అదేందన్నా?"

నీ మంచికేనమ్మా అన్నాను. ఆ మాట నా చెవికే రోతగా వినపడింది.

మళ్ళీ సోమవారం వచ్చింది. ఈసారి తనలాంటివాళ్ళు నలుగురు తోడున్నారు. గడువు దాటినా తన పేరు చేర్చాల్సిందేనని కన్నడంలో సొంతంగా రాసుకొచ్చింది. తెలుగులో రాయించుకుని రమ్మని లోపలివాళ్ళు చెప్పారు. బయటికొచ్చి ఎండలో నిలబడ్డారు. గేటు బయట రాసేవాళ్ళం ఐదుగురం. మిగతా నలుగురి దగ్గరా జనం మూగి ఉన్నారు, ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. ఆమె నా బల్ల ముందు నుంచే పోయి అవతలి బల్ల దగ్గర వరుసలో ఆఖరున నిలబడింది. రామ్మా, ఈసారి నువ్వు చెప్పినట్టే రాస్తాను అని పిలవాలనిపించింది. పిలిచి, రాసి, చదివి వినిపిస్తే మాత్రం ఎట్లా నమ్ముతుంది?