పదో మనిషి

మలయాలో కమ్యూనిస్టు గెరిల్లాల మీద ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులవి. సుంగై పెటాని నుంచి బటర్‌వర్త్ వెళ్లే మా బస్సును సైనికులు దారిలో ఆపేశారు. ముందు రోడ్డు మీద కాల్పులు జరిగాయట. అలా ఆగడం అందరికీ అలవాటే. మా ముందు సీట్లోని పెద్దాయన మాత్రం మాటిమాటికీ సూర్యుడి వైపు చూస్తున్నాడు.

పెనాంగ్‌లో తన తల్లి పోయిందనీ, చీకటి పడేలోగా పూడ్చిపెడతారనీ మలయ్ భాషలో చెప్పాడు. వాళ్లు యూదులట. సమాధి దగ్గర కొడుకు చదవాల్సిన ప్రార్థన ఒకటుందట. పదిమంది యూదు మగవాళ్లు లేనిదే చదవకూడదట. అక్కడ మిగిలింది తొమ్మిది మందే.

"మీకు భక్తి ఎక్కువా?" అన్నాను.

"దేవుణ్ణి ఎప్పుడో మానేశాను. మాకు కూడని పంది మాంసం కూడా తింటాను. అయినా నేను లేకపోతే పదిమంది కారు."

పక్కనున్న మా అమ్మకు తెలుగులో చెప్పాను. "దేముణ్ణి నమ్మనోడు కూడా లెక్కలోకొత్తాడేటి?" అంది. ఆ మాటే ఆయన్ని అడిగాను.

"అమ్మ యూదురాలైతే చాలు. నమ్మకం సంగతి ఎవరూ అడగరు."

పొద్దు గుంకింది. బస్సు కదల్లేదు. ఆయన లేచి, గుండె మీద చొక్కా పట్టుకుని సర్రున చించుకున్నాడు. కన్నవాళ్లు పోతే వాళ్లలో అలా చించుకుంటారని తర్వాత తెలిసింది.

అమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. "మనం నిలబడితే పనికొత్తామేటో అడగరా."

అడిగాను.

"మీరు లెక్కకు రారు," అన్నాడు. అమ్మ వైపు చూసి, "అయినా నిలబడండి," అన్నాడు.

ఇద్దరం ఆయన పక్కన నిలబడ్డాం. ఆయన నోరు విప్పలేదు. ఆ ప్రార్థన ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలియదు.