జూన్ రెండున గరికపాడు దాటి

చెప్పుకోవడానికి ఎవరూ లేక ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను. నాకు రాత అలవాటు లేదు. నందిగామ నుంచి కోదాడ వెళ్ళేవాళ్ళకు దారి తెలుస్తుంది, నా మనసూ కాస్త తేలికపడుతుంది.

నా చెల్లెలు రత్నం (పేరు మార్చాను) కోదాడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. కొన్నేళ్ళ క్రితం మా అమ్మ నా ఇంట్లోనే ప్రభువు దగ్గరికి వెళ్ళింది. ఆమె కోరినట్టే సమాధుల తోటలో పెట్టాం. దహనం చేయలేదని రత్నం భర్త, మా మరిది, కోపగించి రాకపోకలు మాన్పించాడు. ఇంట్లో ఫోను కూడా ఆయన దగ్గరే ఉంటుంది. అప్పటి నుంచి పనిరోజుల్లో ఆ ఆఫీసు వరండాలోనే అక్కాచెల్లెళ్ళం కలుసుకుంటున్నాం. బుధవారం వాళ్ళు కాపురం హైదరాబాద్‌ మారుస్తున్నారని, రత్నం ఉద్యోగం మానేస్తోందని సోమవారం తెలిసింది. ఇక మిగిలింది మంగళవారం ఒక్కటే.

ఆ ఉదయం మా స్త్రీల సమాజం ప్రార్థన ఉంది. ఏ దేశానికి జాతీయ దినమైతే ఆ రోజు ఆ దేశం కోసం ప్రార్థించడం మా అలవాటు. డెన్మార్క్, స్వీడన్, ఫిలిప్పీన్స్, అన్నీ జూన్‌లోనే వస్తాయి. జూన్ రెండు ఇటలీ వంతు. ఇటలీ ప్రజలను దీవించమని మోకరించి, ఏడింటికి బస్సెక్కాను.

ఆధార్ కార్డు చూపిస్తే జగ్గయ్యపేట దాకా ఆడవాళ్ళకు చార్జీ లేదు. గంటలో చేరాను. అక్కడి నుంచి గరికపాడుకు షేర్ ఆటో, చెక్‌పోస్టు దాటాక ఇంకో ఆటో, రెండూ కలిపి అరవై రూపాయలు. రోహిణి కార్తె ఎండ అప్పటికే మొహం మీద కొడుతోంది. రెండో ఆటోకు చిన్న జెండా కట్టి ఉంది. డ్రైవరును అడిగితే మాకు పండుగ గదమ్మా అన్నాడు. ఏం పండుగో అడగలేదు. చెల్లెలి కోసం తెచ్చిన కొత్తావకాయ డబ్బా ఒలక్కుండా పట్టుకోవడంలోనే నా ధ్యాసంతా ఉంది.

ఆఫీసు ముందు దిగాక అర్థమైంది. జెండా ఎగురుతోంది. దాని కింద రత్నం చేతి ముగ్గు, పూలు. తలుపుకు తాళం. ఎక్కడో ఉన్న ఇటలీ పండుగ గుర్తున్న నాకు చెక్‌పోస్టు అవతల తెలంగాణ ఆవిర్భావ దినమని తట్టలేదు. మా వైపు అది మామూలు పనిరోజు మరి.

వాచ్‌మన్ పెద్దాయన నన్ను ఎరుగును. "ఏందమ్మా, మా పండుగకు మీ ఆంధ్రోళ్ళు గూడ వస్తున్నరా?" అని నవ్వాడు. రత్నం పొద్దున్నే జెండా పని చూసుకుని వెళ్ళిపోయిందట. రేపే ఊరు వదిలి పోతోందని, వాళ్ళింటికి నేను వెళ్ళే వీల్లేదని చెప్పాను. ఆయన ఫోను తీశాడు. అవతల ఎత్తింది మరిదే. స్టోరు గది తాళంచెవి రత్నమ్మ దగ్గరే ఉండిపోయింది, వెంటనే పంపమని పెద్దాయన కోప్పడి పెట్టేశాడు.

"అబద్ధం ఆడింది నేను, పాపం నాది. నువ్వు కూసో."

అరగంటకు బండి చప్పుడైంది. మరిదే తీసుకొచ్చాడు. బండి దిగకుండా, ఇంజను ఆపకుండా గేటు దగ్గరే ఉన్నాడు. నేను కొంగు తలమీదికి లాక్కుని, వీధికి వీపు పెట్టి కూర్చున్నాను. రత్నం మెట్లెక్కి నన్ను చూసి ఆగిపోయింది. ఏ తాళానిదో ఒక తాళంచెవి వాచ్‌మన్‌కు ఇచ్చింది. నా పక్కనున్న డబ్బా తన సంచిలో పెట్టుకుంది. వంగి నా చెయ్యి పట్టుకుని, గేటు దాకా వినపడేలా అంది.

"ఇవాళ ఆఫీసు లేదండి. రేపు రండి."

మాటలు వచ్చిన నాటి నుంచి నన్ను అక్కా అని తప్ప పిలవని పిల్ల. గేటు దగ్గర హారన్ మోగేదాకా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇప్పుడు రోజూ ప్రార్థనలో దేశాలతో పాటు హైదరాబాద్‌ను కూడా తలుచుకుంటున్నాను. అంత పెద్ద ఊళ్ళో ఏ వీధి అని చెప్పాలో నాకు తెలియదు. ప్రభువుకు తెలుసులే అని లేస్తాను.

గరికపాడు దాటి పనిమీద వెళ్ళేవాళ్ళు అవతలి రాష్ట్రం సెలవులు ముందురోజే చూసుకోండి. ఈ రాతను దాచుకోండి, కోదాడ వైపు వాళ్ళకు మాత్రం చూపించకండి.