గురుగ్రహానికి రీటచ్

2023 డిసెంబర్. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో, ఫ్లైఓవర్ పక్కన మా ఫోటో స్టూడియో. మా ఆయన పోయాక తాళం తీసి నేనే కూర్చున్నాను. చదువు లేదు, సంతకం వరకే వచ్చు. కంప్యూటర్‌లో ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో గుర్తుపెట్టుకుని పని చేస్తాను. ఇదంతా నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది.

మా పనిలో రీటచ్ అని ఒకటుంది. మొఖం మీది మొటిమలు, మచ్చలు, ముడతలు కంప్యూటర్‌లో తుడిచేయడం. మా ఆయన బతికున్నన్నాళ్లూ ఒకటే మాట: "మచ్చ తియ్యమని గిరాకీ నోరు తెరిచి అడగడు, సిగ్గుపడతడు. నువ్వే తీసెయ్యాలె. పాత మొఖం దాచిపెట్టొద్దు, ఎవరన్నా చూస్తే బాగుండదు." అందుకే బాగుచేసిన ఫోటోను పాతదాని మీదే సేవ్ చేయడం నాకు అలవాటు.

షాహీన్ టీచర్ దగ్గర్లోని ఆడపిల్లల బడిలో సైన్స్ చెబుతుంది. ఒక పొద్దున పెన్‌డ్రైవ్ తెచ్చి ఇచ్చింది.

"యాదమ్మక్కా, గురుగ్రహం ఫోటో. నిన్న మా డాబా మీద చిన్న టెలిస్కోప్‌తోని తీసిన. ఎల్లుండి పొద్దున బడిల ఎగ్జిబిషన్. పెద్ద ప్రింట్ కావాలె."

"అట్లనే, గిదేం పెద్ద పని?"

"పెద్ద పనే అక్కా. ఓల్డ్ సిటీ పొగల ఏం కనవడతదని మా హెడ్ మేడమ్ నవ్వుతాంది. ఈ ఫోటో చూసి ఒప్పుకుంటేనే పిల్లలకు రాత్రి ఆకాశం చూడనీకి బడి మేడమీది తాళంచెవి ఇస్తదట. లేకుంటే ఈ బడి టెలిస్కోప్ మళ్ల బీరువాలనే."

మరునాడు ఫోటో తెరిచాను. నల్లటి వెనుకభాగం, మధ్యలో పసుపుపచ్చ గుండ్రం. దాని మీద అడ్డంగా గోధుమరంగు ముడతలు, పొట్ట మీద ఎర్రటి మచ్చ. పక్కన వరుసగా నాలుగు తెల్లటి చుక్కలు, లెన్స్ మీద దుమ్మే అనుకున్నాను. పాపం, ఆడపిల్లల భవిష్యత్తు అనుకుని ప్రాణం పెట్టి పనిచేశాను. దుమ్ము దులిపాను. మచ్చ తీశాను. ముడతలు సాపు చేశాను. పాస్‌పోర్ట్‌కైతే తెల్ల బ్యాక్‌గ్రౌండ్, బడి ఐడీ కార్డుకైతే నీలం. ఇది బడికే కదా, నీలం పెట్టాను. నిగనిగలాడే లడ్డులా తయారైంది.

సాయంత్రం టీచర్ వచ్చి ప్రింట్ చేతిలోకి తీసుకుంది. గుండ్రం పక్కన వేలితో వెతికింది.

"అక్కా... నా చందమామలేవి?"

"ఏ చందమామలు?"

"గురుగ్రహం చుట్టూ తిరిగేటివి, నాలుగుండాలె గీడ!"

"గవా? దుమ్ము బిడ్డా. తుడిచిన."

"యా అల్లా! మరి ఎర్ర మచ్చ?"

"అదీ తీసిన. గంత పెద్ద మచ్చ పెట్టుకొని ఎగ్జిబిషన్‌కు ఎట్ల పోతడు?"

"అది తుఫాను అక్కా! మన భూమి కన్నా పెద్దది!"

కంప్యూటర్‌లో వెతికాను. పాత ఫైలు లేదు, దాని మీదే సేవ్ చేశాను. ఆ ఫోటో తయారుచేసిన వీడియోలనూ, తన దగ్గరి కాపీనీ లాప్‌టాప్‌లో జాగా లేదని ఆమె తుడిచేసింది. టీచర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను షట్టర్ సగం దించాను.

"ఏడ్వకు. టెలిస్కోప్ పట్టుకరా. గిరాకీని మళ్ల కూసోబెడదాం."

ఆమె ఆటోలో తెచ్చిన టెలిస్కోప్‌ను మా స్టూడియో డాబా మీద నిలబెట్టాం. అది మోకాలెత్తు గొట్టం. దాని కన్ను దగ్గర ఫోన్ బిగించి వీడియో తీస్తారు. అందులోంచి వణకని ఫ్రేములను కంప్యూటర్ ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క ఫోటో చేస్తుంది. దాన్ని స్టాకింగ్ అంటారట.

ముందు నన్ను చూడమంది. చూస్తే మళ్లీ అవే చుక్కలు. కొంగుతో అద్దం తుడవబోయాను.

"ముట్టకక్కా!" అని నా చెయ్యి పట్టుకుంది. గొట్టం కొంచెం జరిగింది. గుండ్రంతో పాటు చుక్కలూ జరిగాయి. అప్పుడు నాకు వెలిగింది. లెన్స్ మీది దుమ్మైతే ఉన్నచోటే ఉంటుంది, ఇలా వెంట నడవదు.

"నిజమే. గీయన ఇంటోళ్లే," అన్నాను. "మరి మచ్చేది?"

"అవతలికి తిరిగింది. ఎనిమిదిన్నరకు మనదిక్కు వస్తది."

"మొఖం తిప్పుకునే గిరాకీని నేను శానమందిని చూసిన. ఆగుదాం."

ఎనిమిదిన్నరకు మచ్చ వచ్చింది, కానీ కింద సిగ్నల్ దగ్గర బస్సు కదిలినప్పుడల్లా మా డాబా వణికింది. ఫోన్‌లో గురుగ్రహం పెళ్లి బరాత్‌లో ఆడినట్టు ఎగిరింది. ఏడ్చే పసిపిల్లల ఫోటో ఏడుపుకీ ఏడుపుకీ మధ్య తీయాలి, అది నాకు తెలిసిన విద్య. పిట్టగోడ దగ్గర నిలబడి సిగ్నల్ చూశాను. ఎర్రలైటు పడి బండ్లు ఆగగానే "తియ్యి!" అని అరిచాను. పచ్చ పడగానే "ఆపు!" అన్నాను. కింద ఆటో అన్న తలెత్తి అడిగాడు:

"క్యా హువా అమ్మా, ఎవర్ని తియ్యాలె?"

"నిన్ను కాదు భాయ్, నువ్వు పో!"

ఆ ముక్కలన్నీ పేర్చి టీచర్ చేసిన కొత్త ఫోటోను ఆ రాత్రి నేను వేలితో కూడా తాకలేదు. ఉన్నదున్నట్టు ప్రింట్ తీశాను. టీచర్ రెండు ప్రింట్లూ పట్టుకుపోయింది.

ఎగ్జిబిషన్‌లో రెండూ పక్కపక్కన పెట్టిందట. హెడ్ మేడమ్ నీలందాన్నే చూపించి, "ఇదే నీట్‌గా ఉంది," అన్నదట. వెంటనే పిల్లలు గోల గోల: "చందమామలు ఏడ పోయినయ్ మేడమ్? తుఫాను ఏది?" వాళ్లు వేలు పెట్టి ఒక్కొక్కటే చూపిస్తుంటే ఆమె రెండో ఫోటో ముందు నిలబడిపోయిందట. తాళంచెవి ఆ సాయంత్రమే ఇచ్చింది.

అప్పటినుంచి ఎవరి మొఖం మీదా అడగకుండా చెయ్యి పెట్టను. మచ్చ అని నేననుకున్నది వాళ్లకు ఏమిటో నాకేం తెలుసు? మొన్న హెడ్ మేడమే ఐడీ కార్డు ఫోటోకు వచ్చింది. ఆమె ముక్కు పక్కన శనగగింజంత పుట్టుమచ్చ.

"మేడమ్, గిది ఉంచాల్నా, తియ్యాల్నా?" అని అడిగాను.

ఆమె అద్దంలో చూసుకుని నవ్వింది.

"ఉంచు యాదమ్మా. తీస్తే మా పిల్లలు ఏడ పోయిందని లొల్లి పెడతరు."