నీల మంచం పట్టిన ఇరవై ఒక్క రోజులు

2023లో, వానలు మొదలయ్యే రోజుల నాటి సంగతి ఇది. తిరుపతి బస్టాండు వెనక వీధిలో ఒక లాడ్జి మూడో అంతస్తులో నేను ఆటల గది నడుపుతున్నాను. గుండు చేయించుకుని, నెత్తికి గంధం పూసుకుని కొండ దిగివచ్చిన యాత్రికులు రూము కోసం వెతుక్కుంటూ మా తలుపు తీసేవాళ్లు. బల్ల మీద పాచికలు చూసి, జూదమనుకుని గబగబా మూసేసేవాళ్లు. లాడ్జి ఓనరుకూ మొదట్లో అదే అనుమానం. ఒక ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి ఆట చూపించాను. "ఇంతేనా! కథలు చెప్పుకోడమే కదమ్మా," అని పెదవి విరిచి వెళ్లిపోయాడు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నా పనిని గేమ్ మాస్టర్ అంటారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు కత్తి తిప్పేవాడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ. గుహలో ఏముందో నేను చెబుతాను, అక్కడ ఏం చేస్తారో వాళ్లు చెబుతారు, అది జరిగిందా లేదా పాచిక తేలుస్తుంది. పాత్రలో ఎంత ప్రాణం మిగిలి ఉందో చెప్పే అంకెను హిట్ పాయింట్లు అంటాం. దెబ్బ తగిలితే తగ్గుతాయి. సున్నాకు వస్తే పాత్ర పోయినట్టే.

తగ్గిన పాయింట్లు తిరిగి ఎలా రావాలన్న దగ్గరే మావాళ్లు జుట్లు పట్టుకుంటారు. ఈ ఆట రూల్సు పుస్తకానికి కొన్నేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది. నేను వాడే పాత ఎడిషన్‌లో రోజంతా మంచం మీద పడుకుంటే ఒక్క పాయింటు వస్తుంది. కొత్త దాంట్లో ఒక్క రాత్రి నిద్రపోతే చాలు, అన్నీ వచ్చేస్తాయి. నిన్న ఈటె దిగినవాడు ఇవాళ ఇడ్లీ తిని యుద్ధానికి బయలుదేరొచ్చు. నేను పాత ఎడిషన్ మనిషిని. దెబ్బంటే భయం లేని చోట ధైర్యానికి విలువేముంటుందని నా వాదన. మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌గా తిరిగే దిలీప్ ఈ విషయంలో ప్రతి ఆదివారం నాతో తగువు పెట్టుకునేవాడు.

"నీది పాత చింతకాయ పచ్చడక్కా."

"ఒళ్లు బాగలేనోళ్లకు పథ్యంలో పెట్టేది ఆ పాత పచ్చడేరా," అనేదాన్ని. ఈ తగువులో నేనెప్పుడూ ఓడలేదు.

ఆ ఏడాదే కవిత మా బల్లకు వచ్చింది. నగరిలో మరమగ్గాలున్న ఇంటి కోడలు, చీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీస్తుంది. ప్రతి ఆదివారం బస్సులో వచ్చేది. చేతికర్ర ఊతంతో మూడంతస్తులూ మెల్లగా ఎక్కి, తలుపు దగ్గరి కుర్చీలో కాలు చాపుకుని కూర్చునేది. మా గదిలో ఎవరి సొంత సంగతులూ అడగకూడదని నేను పెట్టుకున్న నియమం. అందుకే కర్ర ఎందుకని అడగలేదు. ఆమె తీసుకున్న పాత్ర నీల అనే కత్తి యోధురాలు. గోడ కనిపిస్తే దూకాల్సిందే, కొండ కనిపిస్తే ఎక్కాల్సిందే. ఆరు వారాల్లో బల్లంతటికీ నీలే ప్రాణమైంది. "ఈడికొచ్చినప్పుడే కదక్కా నేను దూకేది," అని ఒకసారి నవ్వుతూ అంది. ఆ మాట నేను పట్టించుకోలేదు.

ఏడో ఆదివారం నీల తొడలో ఈటె దిగింది. ఇరవై నాలుగు పాయింట్లలో మూడే మిగిలాయి. వైద్యం చేసే పాత్ర మా గుంపులో లేదు, అందరికీ కత్తే కావాలి మరి. పాత ఎడిషన్ ప్రకారం ఇరవై ఒక్క రోజుల పడక. ఇలాంటప్పుడు ఏ గేమ్ మాస్టరైనా అనే మాటే నేనూ అన్నాను.

"మూడు వారాలు గడిచాయి. నీలకు నయమైంది. మీరిప్పుడు కోట వాకిట్లో ఉన్నారు."

కవిత పాచిక తీసుకోలేదు. "ఆ మూడు వారాలు నీల యాడ ఉన్నిందక్కా?"

"సత్రంలో పడుకునింది."

"ఎవురు నీళ్లిచ్చినారు?"

"అవన్నీ ఆటకు అక్కర్లేదు కవితా," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నీల పాత్ర వివరాలు రాసుకున్న కాగితాన్ని ఆమె మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాతి ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. ఒకరు తగ్గితే బల్లేమీ మూతపడదు. కానీ నా నోటి మాటకు ఒక మనిషి ఆట మానేసిందంటే నాకు మింగుడు పడలేదు. ఫోను చేశాను.

"నాలుగు నెల్లు మంచంలో ఉంటినక్కా," అంది. "పుత్తూరు రోడ్డులో స్కూటీ జారి తొడెముక ఇరిగింది. రాడ్డేసినారు. ఇప్పుడు ఎవురు సూసినా ఒకటే మాట, నాలుగు నెల్లు ఇట్టే గడిచిపోయినాయే అని. యాడ గడిచినాయి? మా అత్త మగ్గం నిలిపేసి నాకు బెడ్‌పాన్ పెట్టింది. సిగ్గుతో ఆమె మొగం సూడలేకపోతిని. ఇంతవరకూ ఆమెతో ఒక మంచి మాట చెప్పింది లేదు. ఈడికొస్తే నువ్వు కూడా గడిచినాయి అంటివి."

ఇంకొక్కసారి వచ్చి చూడమని బతిమాలాను. ఆ వారమంతా కూర్చుని, జన్మలో ముట్టనన్న కొత్త ఎడిషన్ పుస్తకాన్ని దిలీప్ దగ్గర తీసుకుని, ఆ రూల్సు ప్రకారం నీలకు కొత్త కాగితం రాశాను. ఇక ఏ దెబ్బకైనా ఒక్క రాత్రి నిద్ర చాలు. మంచం ఊసే ఉండదు. ఆదివారం కవిత రాగానే గర్వంగా ఆ కాగితం చేతికిచ్చాను. దిలీప్ ఈల వేశాడు.

కవిత చదివి తల అడ్డంగా ఊపింది. "ఇది ఇంగా అన్యాయమక్కా. నువ్వు మూడు వారాలు పడుతుందని ఒప్పుకుంటివి. ఈ పుస్తకం అది కూడా లేదంటాండాది."

"మరి ఏం చేద్దామంటావు?"

"ఆ ఇరవై ఒక్క దినాలూ ఆడదాం."

ఇన్నేళ్లలో అలా అడిగినవాళ్లు లేరు. పడుకున్న పాత్రతో ఆటేమిటి? అయినా సరేనన్నాను. ఆటలో ఒక్కో రోజుకు ఒకసారి కవిత పాచిక వేయాలి. ఒకటి పడితే జ్వరం, ఆరు పడితే నిద్ర పట్టినట్టు. మిగిలినవాళ్లు తమ పాత్ర ఆ రోజు నీల కోసం ఏం చేసిందో చెప్పాలి. మొదటి రోజు అందరూ బిక్కమొహాలు వేశారు. రెండో రోజు ఒకరు గంజి కాచారు, ఒకరు కట్టు మార్చారు. నాలుగో రోజు పాచిక వేసి కవిత అంది:

"నీల బయటికి పోవాల. లేవలేదు."

దిలీప్ పాత్ర దొంగ. వాడే మెల్లగా అన్నాడు, "నేను ఎత్తుకొని పోతా."

"పాచిక వెయ్యవా?" అన్నాను అలవాటుగా.

"దీనికి పాచికేందక్కా?"

కవిత చున్నీలో ముఖం దాచుకుని ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "నీ దొంగను చేతులు బాగా కడుక్కోమను," అంది. అందరం నవ్వేశాం. ఆ సాయంత్రం ఆమె బస్సు వేళకు పదో రోజు ముగిసింది.

మరుసటి ఆదివారం కవిత వెనకాలే, ఆయాసపడుతూ ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. కవిత అత్త నాగరత్నమ్మ. బల్లనూ పాచికలనూ మమ్మల్నీ వరసగా చూసింది.

"వారమంతా మా కోడలు నీల కథే చెప్పె. మంచంలో ఆ బిడ్డ మనసు ఎట్లుండేదో అంతా చెప్పె. నాకు తెలీదా, అది ఎవురి కథో! ఇంతకీ లేసిందా ఆ పిల్ల?"

"ఇంకా పదకొండు రోజులున్నాయమ్మా," అన్నాను.

ఆవిడ కొంగు నడుముకు దోపుకుంది. "అయితే కుర్చీ ఇట్ల ఎయ్యి. ఆ పదకొండు దినాలు నేను సూసుకుంటా."

కవిత తన పక్కకు కుర్చీ లాగింది. అత్త చేయి పట్టుకుని, ఆట అయ్యేదాకా వదల్లేదు. పాచికలు కూడా ఎడమ చేత్తోనే వేసింది.

నేనిప్పటికీ పాత ఎడిషన్ మనిషినే. దిలీప్ ఇప్పటికీ కొత్తదే గొప్పదంటాడు, ఇప్పటికీ నా చేతిలో ఓడిపోతాడు. కానీ నయం కావడమంటే పాయింట్లు నిండడమేనని ఏళ్ల తరబడి నమ్మాను, అది ఏ ఎడిషన్‌లోనైనా తప్పే. ఇప్పుడు నా బల్ల మీద ఎవరి పాత్ర మంచం పట్టినా, రోజులు గడిచాయి అనే ముందు మిగిలినవాళ్లను ఒక్కటే అడుగుతాను: "పక్కన ఎవరున్నారు?"