అక్క ఎక్కాలంటే బండి వణకకూడదు

నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఊరి బడిలో ఐదో తరగతి దాకానే చదివాను, తప్పులు దొర్లితే మన్నించండి. కాగితం మీద నేను రాసింది మా కోడలు జ్యోతి టైపు చేసి ఇక్కడ పెడుతోంది. నడుం బాగాలేని పెద్దవాళ్ళను కారులో తీసుకెళ్ళాలనుకునే వారికి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది ప్రత్తిపాడు పక్క పల్లె. మా అక్క ఉండేది అద్దంకి దగ్గర. నడుం ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు ఒకటే ధ్యాస, పుట్టినూరి మిరప కల్లం ఒకసారి చూడాలని. పెళ్ళికి ముందు ఆ కల్లంలోనే కూర్చుని తాలుకాయలు ఏరేది. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. కుదుపులు తగలకూడదని డాక్టరు చెప్పాడు. పోయిన వారం తీసుకొద్దామని వెళ్ళాం. మా బండి పరిగెడితే బాగానే ఉంటుంది, నిలబడితే ఇంజను వణుకుతుంది. వాళ్ళ ఇంటి గేటు ముందు బండి నిలబడి ఉండగానే అక్క నడుం పట్టుకుని, "నావల్ల కాదురా తమ్ముడూ" అని దిగిపోయింది. ఇంటికొచ్చి ప్లగ్గులు మార్పించాం. తగ్గిందనుకుని మళ్ళీ బయలుదేరాం. మర్నాడే కాయలు అమ్మకానికి మిర్చి యార్డుకి వెళ్ళిపోతాయి. ఈసారీ దిగిపోతే ఈ ఏటికి అక్కకు కల్లం లేనట్టే.

పొద్దున్నే ఆరింటికి కదిలాం. జ్యోతి నడిపింది. చిలకలూరిపేట సెంటర్లో ట్రాఫిక్‌కి ఆగేసరికి వణుకు మొదలైంది. స్టీరింగు వెనక ముల్లు పైకీ కిందకీ ఊగుతోంది. "మావయ్యా, మళ్ళీ వచ్చింది. వెనక్కి తిప్పమంటారా? పెద్దత్తయ్య తల దువ్వుకుని కూర్చున్నారంట, ఇందాకే ఫోన్ చేశారు" అంది. "వద్దమ్మా, పద" అన్నాను.

మార్టూరులో టిఫినుకి ఆగాం. ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు, అల్లం చట్నీ బాగుంది. ఇడ్లీలు వేసే ఆవిడను మెకానిక్ గురించి అడిగితే, "వెనక వీధిలో మస్తాన్ షెడ్డుందండి. నోరు పెద్దది, పని మంచిది" అంది.

మస్తాన్ బానెట్ ఎత్తి తల వంచి విన్నాడు. "ప్లగ్గులు మార్చారా? నేనైనా ముందు అదే చేద్దును. కానీ ఎక్కడో గాలి లాగుతోంది బాబాయ్. ఉస్సుమంటోంది, వినపడటం లేదూ?" నాకు వినపడలేదు. జ్యోతికి వినపడింది. సన్నటి రబ్బరు పైపు ఒకటి చూపించాడు, ఎలుక కొరికింది. ఆ చిల్లు మీద వేలు పెట్టి నొక్కాడు. ఇంజను సద్దుమణిగింది. వేలు తీస్తే మళ్ళీ వణికింది. ఇంకోసారి నొక్కమని అడిగాను. నవ్వి నొక్కాడు.

తర్వాత ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిస్తే గుప్పెడు పత్తి, ఎలుక గూడు. "ఇదేంటి బాబాయ్, బండికి పరుపు కుట్టించారా?" అన్నాడు.

"రేటు లేదని పత్తి బోరాలు కారు షెడ్డులో వేశాం అన్నా" అంది జ్యోతి.

"బాగుంది! ఎలకలకి మేడా పరుపూ రెండూ మీరే ఇచ్చారన్నమాట."

"నవ్వింది చాల్లే అన్నా. నడుం ఆపరేషన్ అయిన పెద్దావిడ ఎక్కాలి."

అప్పుడతను నవ్వు ఆపాడు. అడక్కుండానే ఇంజను కింద వణుకు ఆపే రబ్బర్లు కూడా వంగి చూసి, బాగానే ఉన్నాయన్నాడు. పైపు తెప్పించి బిగించేసరికి రెండు గంటలు పట్టింది. పైపు, ఫిల్టరు, కూలి కలిపి పద్నాలుగు వందలు.

అక్క ఇంటికి చేరేసరికి పదకొండు. ఎక్కి కూర్చుని కళ్ళు మూసుకుంది, సీటు అంచు గట్టిగా పట్టుకుంది. కాసేపటికి, "ఏమే, బండి తియ్యవా?" అంది. "ఇంజను ఎప్పుడో వేశాను పెద్దత్తయ్యా" అంది జ్యోతి. అక్క ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. దోవలో కిటికీ అద్దం వైపే తిరిగి కూర్చుంది. పత్తి చేలల్లో ఒట్టి కట్టె మిగిలింది. పేట దాటాక ఎర్రటి కల్లాలు కనపడ్డప్పుడల్లా, "మనదేనా?" అని అడిగింది.

మా కల్లానికి రెండింటికి చేరాం. దిగుతానని కాళ్ళు కింద పెట్టింది, నడుం నిలవలేదు. ఎండ మండుతోందని జ్యోతి ఏసీ వేసి ఇంజను ఆపకుండా ఉంచింది. కాయలేరే ఆడవాళ్ళు చూడటానికొచ్చారు. అక్కకు వాళ్ళలో ఒక్కరూ తెలియదు. తనతో ఏరిన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే అడిగింది. ఎవరూ లేరని చెప్పలేక నేను తల వంచుకున్నాను. అది చూసి ఒకావిడ చేట నిండా కాయలు తెచ్చి, "ఊరికే కూర్చుంటావేంటమ్మా, పట్టు" అని ఒళ్ళో పెట్టింది.

అక్క ఆ సీటులోనే కూర్చుని గంటసేపు తాలు ఏరింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. "చేతులు మండట్లా అక్కా?" అన్నాను.

"మండనీరా" అంది. "ఇంకో చేట పట్రమ్మను."

వయసు మీద పడ్డాక మనిషి అడిగేది చాలా చిన్నదే. అది కూడా ఒక రబ్బరు పైపు మీద ఆగిపోతుందని నేనెప్పుడూ అనుకోలేదు. మీరూ ఇలా బయలుదేరే ముందు బండి నిలబెట్టి ఇంజను వేసి, పెద్దవాళ్ళు కూర్చునే సీటులో మీరు ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. కారు పక్కన పత్తి వెయ్యకండి, వేస్తే ఫిల్టరు డబ్బా అప్పుడప్పుడూ తెరవండి. వచ్చే ఏడు కల్లంలో కిందే కూర్చుంటానంటోంది అక్క. నడుం ఆపరేషన్ అయ్యాక మళ్ళీ నేల మీద కూర్చోగలిగినవాళ్ళు మీలో ఉంటే త్వరగా జవాబు రాయండి. అక్కకు చదివి వినిపించాలి.