తల్లికి ముందే ఎరుకైతే

నా భార్య మెడ పక్కన గోళీకాయంత గడ్డ లేచింది. డాక్టర్ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. రిపోర్టు శనివారం సాయంత్రం వస్తుందన్నారు. అప్పటికింకా నాలుగు రోజులున్నాయి. ఆ రోజుల్లో హసన్‌పర్తి కాలేజీలో నేనేం పాఠం చెప్పానో పిల్లల్నే అడగాలి, నాకైతే గుర్తు లేదు.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. అది మామూలు గడ్డే అయితే కోడలి నిలువెత్తు బంగారం ఇస్తానని సమ్మక్క తల్లికి మొక్కేసింది. బంగారమంటే మా వైపు బెల్లం. కోరిక తీరాక చెల్లించే మొక్కు అది. అంతదాకా ఆగే ఓపిక అమ్మకు లేదు. రిపోర్టు రాకముందే ఇచ్చొద్దామని శుక్రవారం పొద్దున్నే మమ్మల్ని వరంగల్ బజారుకు లాక్కుపోయింది.

బెల్లం దుకాణంలో నా భార్య కాంటా ఎక్కింది. యాభై ఒక్క కిలోలు. ఎండాకాలంలో యాభై ఐదు ఉండేది.

"తక్కువ బంగారంతోనే అయిపాయె అక్కా" అని దుకాణాయన నవ్వాడు. పాపం, ఆయనకేం తెలుసు. నా భార్య కూడా నవ్వింది. నేను మాత్రం తగ్గిన నాలుగు కిలోలు లెక్కేసుకుని భయపడ్డాను.

ఆ భయమంతా తల్లి దగ్గరికి పోయే ములుగు బస్సులో అమ్మ మీద వెళ్లగక్కాను. భయమేస్తే వాదనకు దిగడం నాకున్న రోగం.

"తల్లికి అన్నీ ముందే ఎరుకనా, కాదా?"

"ఎరుకనే."

"రేపు తను ఏం జేస్తదో గూడ?"

"గదెందుకు ఎరుకుండదు?"

"అట్లయితే ఇగ మార్చుకునుడు ఆమె తరం గాదు. మార్చుకుంటే ముందు తెలిసింది తప్పయితది. మార్చుకోలేనామెకు ఈ బెల్లం ఎందుకే?"

అమ్మ బెల్లం బస్తా మీది చెయ్యి తియ్యలేదు. "చిన్నప్పుడు నువ్వు ఏడుస్తవని నాకెరుక. ఏడ్తే ఎత్తుకుంటనని గూడ ఎరుకనే. ఎరుకున్నదని నన్ను ఎవలన్న బలిమి చేసిన్రా? నా బిడ్డవని నేనే ఎత్తుకున్న" అంది.

నాకు ఒళ్లు మండింది. కానీ నిజం చెప్పాలంటే, బెల్లం చెల్లించేటప్పుడు తల్లి గద్దె ముందు ఆ మాటే పట్టుకుని నిలబడ్డాను. ఈమెను ఎత్తుకో తల్లీ అని సిగ్గు విడిచి అడిగాను.

శనివారం నేనొక్కణ్ణే పోయి రిపోర్టు తెచ్చాను. అది మంచి గడ్డ కాదు. మందులున్నాయి, తొందరగా మొదలుపెట్టాలన్నాడు డాక్టర్. ఇంటి మలుపు దగ్గర బండి ఆపుకుని చాలాసేపు నిలబడ్డాను. భార్యకెలా చెప్పాలన్న దిగులు సరే, దాన్ని మించి ఇంకొకటి లోపల తొలుస్తోంది. తల్లి ఎత్తుకునేది తన ఇష్టంతోనే అయితే, ఎత్తుకోనిదీ తన ఇష్టంతోనే. అదీ అంతా తెలిసే. ఈ సంగతి అమ్మకు తట్టకపోతే బాగుండును అనుకున్నాను.

తట్టింది. నా భార్య ఇంకా తను పాఠాలు చెప్పే బడి నుంచి రాలేదు. అమ్మ నా ముఖం చూడగానే వాకిట్లోనే కూలబడింది.

"అన్నీ ఎరుకుండి గిట్ల జేసిందా బిడ్డా?"

పక్కనే కూర్చున్నాను. "ఆమె చేతుల లేదమ్మా. ముందే అయిపోయింది. నేను బస్సుల చెప్పలే?" అన్నాను. ఆ వాదన మీద నాకే నమ్మకం పోయి రోజు దాటింది.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆమె చేతుల లేకపోతే, మందులు పని జెయ్యాలెనని ఇప్పుడు ఎవలను అడగాలె బిడ్డా?"